సుగంధి, మఖ నక్షత్రం

రాజపాళయం
3 జూన్ 2024

చెల్లెలు సుగంధికి, కోపంగా ఉన్న అన్న జగన్నాథన్ రాసేది.

ఆశీర్వాదాలు నీ జవాబు చూశాక ఇస్తాను. ముందు తిట్లు.

నీకు ఫోను చేస్తే నీ కొడుకు వసంత్ ఎత్తాడు. "ఎవరు ఫోను చేసినా దేవుని చిత్తం, దేవుని చిత్తం అంటారు మామా. అమ్మకు విని విని చాలైపోయినాది. ఫోను నా చేతిలో పెట్టేసినాది" అన్నాడు. అదొక్కటే అయితే నేనూ ఊరుకునేవాణ్ణి. పరామర్శ ఫోన్లు నాకూ పడవు. కానీ ఫిబ్రవరిలో జ్ఞానముత్తు బావ పోయినప్పటి నుంచి నువ్వు చర్చి గడప తొక్కలేదట. వేదపుస్తకాన్ని పాత చీరలో చుట్టి అటక మీద పెట్టించావట. పూటకొక ఇడ్లీ కొరికి, గోడవైపు తిరిగి పడుకుంటున్నావట. వసంత్ గొంతులో భయం ఉంది. వాడు భయపడే పిల్లవాడు కాదు.

నలభై ఒక్క ఏళ్ళ కిందట ఏం జరిగిందో మరిచిపోయావా? పాళయంకోట్టకు టీచరు ట్రైనింగుకని వెళ్ళి, అక్కడి మిషన్ స్కూలు డ్రిల్ మాస్టర్‌ను మనసులో పెట్టుకుని వచ్చావు. నాన్న ఎదుట నిలబడి "నాకు ఆయనా కావాల, ఆయన దేవుడూ కావాల" అన్నావు. నాన్న నీతో మూడేళ్ళు మాట్లాడలేదు. అమ్మ దొంగచాటుగా ఊరగాయ జాడీలు పంపింది. తళవాయిపురంలో నాకు కుదిరిన సంబంధం విరిగిపోయింది. పిల్ల తండ్రి ఏమన్నాడో గుర్తుందా? "మీ ఇంట్లో ఒకరు దేవుణ్ణే మార్చినారు, రేపు మీవాడు పెళ్ళాన్ని మార్చడని ఏమి గ్యారంటీ?" ఆ తళవాయిపురం పిల్ల ఎంత నెమ్మదస్తురాలో ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. నాకు మీ వదినె కమలం దొరికింది.

ఇంతమందిని ఇన్ని అవస్థలు పెట్టి తెచ్చుకున్న దేవుణ్ణి ఇప్పుడు అటకెక్కిస్తానంటే నేను ఒప్పుకోను.

నాకొక దారి తోచింది. మన అవ్వ అమ్మవారికి అగ్నిగుండం తొక్కుతానని మొక్కుకుని, తీరా పండగ నాటికి దగ్గుతో పడకేస్తే, ఆమె బదులు నేను తొక్కలేదా? బొబ్బలు నా కాళ్ళకు, పుణ్యం అవ్వకు. అదే పద్ధతి. నీ మనసు బాగయ్యేదాకా ఆదివారం ఆదివారం నీ బదులు నేను చర్చికి వెళతాను. మన ఇంటికి దగ్గర్లో ఉన్న చర్చికే. నిన్ననే మొదలుపెట్టేవాణ్ణి గాని కమలం నా వేష్టిపంచె ఉతకలేదు.

నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి కాగితం పట్టాను. మనకు నోటికొచ్చేది తెలుగు, చేతికొచ్చేది అరవ అక్షరాలు. ఈ కలగాపులగాన్ని దారిలో ఎవడు విప్పి చదివినా తల తిరగడమే. అందుకని దాపరికం లేకుండా జవాబు రాయి.

ఇప్పటికి నీ ప్రతినిధి,
వీ. జగన్నాథన్
(స్పిన్నింగ్ మిల్లు మేస్త్రీ, రిటైర్డు)


కోయంబత్తూరు
10 జూన్ 2024

అన్నకు,

చర్చికి వెళ్ళొద్దు.

ఇది అగ్నిగుండం కాదు. ఒకరి బదులు ఒకరు తొక్కితే చెల్లదు. దేవుడు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తాడని ముప్పై ఏళ్ళు సండే స్కూలు పిల్లలకు చెప్పినదాన్ని నేను. నన్ను పిలవడం మానేశాడు, అది వేరే సంగతి.

నువ్వు దాపరికం వద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. వసంత్‌కు కూడా ఇది చెప్పలేదు. ఆయన ఐసీయూలో పందొమ్మిది రోజులున్నారు. ఆ పందొమ్మిది రోజులూ బయట బెంచీ మీద కూర్చుని నేను ప్రార్థన చేశాను. మా చర్చి మొత్తం ఉపవాసం ఉంది. ఆయన దగ్గర డ్రిల్ నేర్చుకున్న పాత విద్యార్థులు, ఇప్పుడు వాళ్ళకూ తలలు నెరిశాయి, వరుసకట్టి వచ్చి మోకరించారు. పద్దెనిమిదో రోజు ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశారు. ప్రార్థన ఫలించిందని అందరికీ చెప్పుకున్నాను. మర్నాడు పోయారు.

కోపం కూడా లేదన్నా. కోపమైతే తిట్టుకోవచ్చు. చేతులు జోడిస్తే లోపల ఏమీ కదలడం లేదు. గోడతో మాట్లాడినట్టుంది. అందుకే నేరుగా గోడవైపే తిరిగి పడుకుంటున్నాను, మధ్యలో దేవుడెందుకని.

ఆయన ప్రభువు దగ్గర సుఖంగా ఉన్నారని అందరూ అంటారు. ఆయన నా దగ్గర సుఖంగానే ఉండేవారు.

వదినెను అడిగానని చెప్పు. తళవాయిపురం పిల్ల మాట ఆమెకు వినిపించేలా ఇంకా అంటున్నావంటే నీ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

సుగంధి

మరొక మాట. ఒకవేళ నా మాట వినకుండా వెళితే, ఎడమవైపు బెంచీల్లో మాత్రం కూర్చోకు. అది ఆడవాళ్ళవైపు.


రాజపాళయం
17 జూన్ 2024

చెల్లెలికి అన్న రాసేది.

నీ ఉత్తరం మొన్న శనివారం చేరింది. అంటే నేను ఎడమవైపు కూర్చున్న ఆరు రోజులకు. ముందే చెప్పి ఉండవచ్చు కదా.

తొమ్మిదో తేదీ మొదటిసారి వెళ్ళాను. తెల్లవారకముందే లేచి తలస్నానం చేసి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా బయలుదేరాను. నామం పెట్టుకున్నాను, చెరిపేశాను, మళ్ళీ పెట్టుకున్నాను. నీ దేవుడి దగ్గరికి వేరే మనిషి వేషంలో వెళ్ళడం మోసం అనిపించింది. పళ్ళెంలో కొబ్బరికాయ, అరటిపళ్ళు, మన తోటలోని సప్పట్ట మామిడిపళ్ళు నాలుగు పెట్టుకున్నాను. లోపలికి వెళ్ళి ఖాళీగా ఉన్న బెంచీ చూసుకుని కూర్చున్నాను. పక్కనున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే జరిగి జరిగి ఆ చివరకు వెళ్ళిపోయారు. మీ చర్చివాళ్ళలో మర్యాద ఎక్కువ, కొత్తవాడికి చోటిస్తున్నారు అనుకున్నాను.

ఆరాధన అయ్యాక, చర్చి పనులు చూసుకునే దురైసామి నా పళ్ళెం బయటికి తెచ్చి వేలం వేశాడు! కానుకగా వచ్చినవన్నీ అలాగే వేస్తారట. దేవుడికిచ్చిన నా కొబ్బరికాయ కళ్ళెదుటే ఎవడి చేతిలోకో పోతుంటే చూడలేక నేనే పాడి తెచ్చుకున్నాను. కమలం కాయను అటూ ఇటూ తిప్పి చూసి, "తీసుకపోయిన కాయనే తీసుకొచ్చినావే, ఆ సామి వద్దన్నాడా?" అంది.

ఇక ముఖ్యమైన పని. ప్రార్థన కావలసినవాళ్ళు చీటీ రాసి పెట్టెలో వెయ్యాలన్నారు. అర్చన చీటీ నాకు రాయడం రాదా? పద్ధతిగా రాశాను: "సుగంధి, మఖ నక్షత్రం, సింహరాశి. మనసు బాగాలేదు. మంచం దిగడం లేదు." కింద మన ఇంటి నంబరు, వీధి పేరు వేశాను. ఆడపడుచు ఎక్కడున్నా అర్చన పుట్టింటి పేరు మీద జరిగితేనే కదా నిండుగా ఉంటుంది.

నిన్న రెండో ఆదివారం. కుడివైపే కూర్చున్నాను. పాస్టరయ్య నీ పేరు చదివాడు. నక్షత్రం దగ్గర కొంచెం తడుముకున్నాడు గాని చదివాడు. అప్పుడు అంతమందీ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, ఎవరైనా సరిగ్గా చేయడం లేదేమోనని చూస్తూ ఉన్నాను. ఎవరూ ఏమరలేదు సుగంధీ. నిన్ను ఒక్కసారి కూడా చూడనివాళ్ళు, నువ్వు నల్లగా ఉంటావో ఎర్రగా ఉంటావో తెలియనివాళ్ళు, నీ పేరు చెప్పుకుంటున్నారు. నా ముందు బెంచీలో ఒక ముసలామె చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనూ రెండుసార్లు దగ్గాను. మిల్లులో దూది పీల్చిన గొంతు కదా, దానివల్లే అయి ఉంటుంది.

చెల్లదన్నావు. చెల్లుతుందో లేదో తేలేదాకా వెళతాను.

నీ అన్న,
వీ. జగన్నాథన్


కోయంబత్తూరు
25 జూన్ 2024

అన్నకు,

నా పేరు తీసేయించు. నక్షత్రం చెప్పి చర్చిలో అర్చన చేయించినవాడు ఈ భూమ్మీద నువ్వొక్కడివే అయి ఉంటావు. ఆ పాస్టరయ్య ఎంత ఓపికగలవాడో!

పేరు తీసేయమనడానికి కారణం సిగ్గు కాదు. అబద్ధం. పాపం వాళ్ళు నమ్మకం ఉన్న ఒక రోగి కోసం ప్రార్థిస్తున్నామనుకుంటున్నారు. నాకు నమ్మకం లేదు. అది వాళ్ళకు చెప్పు. "సుగంధి ఇక్కడ లేదు, ఆమె ఇక ఏమీ అడగడం లేదు, మీ టైము దండగ" అని చెప్పు.

నిన్న మా వీధి చర్చి పాస్టరు వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా లేవు. సోఫా అంచున కూర్చుని, అన్నీ మంచికే జరుగుతాయి అమ్మా అన్నాడు. మంచికే అయితే నీకు జరగనీ అని నోటిదాకా వచ్చింది. కాఫీ ఇచ్చి పంపాను. ఎంత చేదు మనిషినైపోయానో చూడు. కాఫీలో చక్కెర వేయడం కూడా మరిచిపోయాను, ఆ అబ్బాయి కిక్కురుమనకుండా తాగాడు.

ఆ ఏడ్చిన ముసలామె ఎవరు? నన్ను ఎరిగినావిడా? ఎరగనిదైతే ఎందుకు ఏడ్చిందో తెలుసుకో. ఊరికే అడుగుతున్నానంతే.

సుగంధి


రాజపాళయం
8 జూలై 2024

నా చెల్లెలికి, పీకలదాకా మునిగిన అన్న రాసేది.

నువ్వు చెప్పమన్నట్టే నిజం చెబుదామని ఈ వారం గట్టిగా అనుకున్నాను. ఆలోగా శనివారం మన ఇంట్లో ఒక అద్భుతం జరిగిపోయింది.

నేను సత్రపట్టికి వెళ్ళాను. అక్కడ బ్యాండేజీ బట్ట నేసే ఒక మగ్గాల షెడ్డులో వారానికి రెండు రోజులు పాత అలవాటుకొద్దీ మేస్త్రీగిరీ చేస్తున్నాను కదా. కమలం వాకిట్లో కూర్చుని మామిడి వరుగులు ఎండబెడుతోంది. అప్పుడు నలుగురు ఆడవాళ్ళు షేర్ ఆటోలో దిగారు. చర్చివాళ్ళు. చేతుల్లో రొట్టె, హార్లిక్స్ సీసా. ముందున్నామె పాండీశ్వరి, ఆస్పత్రి నర్సు. చీటీలో ఉన్న ఇంటి నంబరు చూసుకుని వచ్చారు. మంచం దిగని సుగంధిని చూడ్డానికి! వాకిట్లో కత్తిపీట ముందేసుకుని కూర్చున్న మనిషిని చూసి, "అమ్మా, లేచినారే! స్తోత్రం! స్తోత్రం!" అని చుట్టూ చేరి, చేతులు పట్టుకుని, ఎండలోనే మోకరించారట. కమలం పెళ్ళైనప్పటి నుంచి మొదటిసారి నోట మాట లేక కూర్చుంది. అది చూడలేకపోయాను, నా దురదృష్టం.

నేను ఇంటికొచ్చేసరికి మాటలు తిరిగి వచ్చేశాయి.

"ఏమయ్యా, గుండ్రాయి మాదిరి ఉండే నన్ను మంచానికి పట్టించినావా? చాలదని నా పేరు తీసేసి సుగంధి అని పెట్టినావా? నీ చెల్లి దేవుణ్ణి మార్చినాది, నువ్వు పెళ్ళాం పేరే మార్చినావు!"

ఒక విశేషం చెప్పాలి. ఈమధ్య మీ వదినె తిట్టేటప్పుడు నడుమ నడుమ ఆగుతోంది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెడుతోంది. ఆ సందుల్లో నాకు ఒకటి రెండు జవాబులు చెప్పుకునే వీలు దొరుకుతోంది. వయసు మీద పడితే ఇలాంటి లాభాలూ ఉన్నాయి. తిట్టడం అయ్యాక హార్లిక్స్ కలుపుకుని రొట్టె ముంచుకుని తింది. "ఆ నర్సమ్మ మంచిది, మళ్ళీ ఎప్పుడు వస్తారంట?" అంది.

నిన్న ఆదివారం పాస్టరయ్య అందరిముందూ చెప్పేశాడు, సుగంధి అమ్మ లేచి కూర్చుని వరుగులు కోస్తోందని. చర్చి మొత్తం స్తోత్రం చెబుతుంటే మధ్యలో లేచి కాదనడానికి నాకు కాళ్ళు రాలేదు.

ఆ ముసలామె పేరు పాపాత్తి. ఎందుకు ఏడ్చారని అడిగాను. "మంచం దిగబుద్ధి కాని రోజులు నాకూ ఉండినాయి. అప్పుడు నా పేరు ఎవరో చెప్పుకున్నారు. ఎవరో నాకు ఇంతవరకు తెలీదు" అంది.

నిన్నటి పాఠం విను. నలుగురు కలిసి ఒక కాళ్ళు పడిపోయినవాణ్ణి మంచంతో సహా మోసుకొచ్చారు. జనం సందివ్వకపోతే ఇంటిపైకెక్కి కప్పు విప్పి లోపలికి దించారు. ఆ ఇల్లుగలవాడు ఏమన్నాడో పాస్టరయ్య చెప్పలేదు. మన ఇంటి పెంకులు విప్పితే ఊరుకుంటామా? సరే. ఏసుసామి ఆ నలుగురి నమ్మకం చూసి వాణ్ణి లేపాడట. మంచం మీదివాడు నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు! వాడికి నమ్మకం ఉందో లేదో ఎవరూ అడగలేదు. పక్కవాణ్ణి అడిగి రెండుసార్లు రూఢి చేసుకున్నాను. ఇప్పుడు చెప్పు, ఒకరి బదులు ఒకరు వెళితే చెల్లదా?

జవాబు కోసం ఎదురుచూసే అన్న,
వీ. జగన్నాథన్


కోయంబత్తూరు
15 జూలై 2024

ప్రియమైన అన్నకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను. ఈ ఇంట్లో ఫిబ్రవరి నుంచి నా నవ్వు ఎవరూ వినలేదు. కోడలు జయప్రియ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, ఏడుస్తున్నాననుకుని. మోకరించిన నలుగురి మధ్య కత్తిపీటతో వదినె! నవ్వి నవ్వి చివరకు ఏడ్చాను కూడా, కాబట్టి జయప్రియది పూర్తిగా పొరపాటు కాదు. ఆయన పోయిన ఐదు నెలలకే నవ్వానే అని సిగ్గుపడ్డాను. తరవాత, ఆయన ఉంటే నాకన్నా గట్టిగా నవ్వేవారని గుర్తొచ్చింది.

ఆ నలుగురి కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఎప్పుడూ మోసినవాళ్ళ వైపు నుంచే చెప్పాను. మంచం మీది మనిషి ఏమీ అడగలేదన్నది నాకు ఇన్నాళ్ళూ తట్టనే లేదు. నువ్వు గెలిచావని కాదు. ఆలోచిస్తున్నాను.

పాపాత్తమ్మకు నా నమస్కారం చెప్పు.

ఇక ఈ ఉత్తరం అసలు సంగతి. రెండోసారి చదివినప్పుడు నవ్వు ఆగిపోయింది. వదినె తిట్టేటప్పుడు నడుమ నడుమ ఎందుకు ఆగుతోంది? కమలం వదినె ఊపిరి తీసుకోవడానికి ఆగే మనిషా? అన్నా, ఆయనకూ ఇలాగే మొదలైంది. రిటైరయ్యాక కూడా స్కూలుకు వెళ్ళి చేయించే డ్రిల్‌లో పొడుగ్గా ఊదే ఈల మధ్యలో తెగిపోయేది. పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వాను. ముసలివాళ్ళయిపోయారు మాస్టారూ అన్నాను. ఆరు నెలలు అలా నవ్వుకుంటూ పోగొట్టాను.

పాండీశ్వరి నర్సు అన్నావు కదా. ఆమెను పిలిచి వదినె పాదాలు సాయంత్రానికి వాస్తున్నాయేమో చూడమను. మెట్లెక్కితే ఆయాసమేమో అడగమను. వదినె లేదంటుంది, నమ్మొద్దు. నేనే ఫోను చేద్దామని వసంత్ దగ్గర అడిగి తీసుకున్నాను, కానీ నీ గొంతు వింటే మాట రాదని భయమేసింది. వాడిచేతే నీకు చెప్పిస్తున్నాను. ఈ ఉత్తరం చేరేలోగా వాడు నిన్ను ఆస్పత్రికి తరిమి ఉంటాడు. వాడిమీద కోప్పడకు, నేనే తరమమన్నాను.

నీ సుగంధి


రాజపాళయం
29 జూలై 2024

సుగంధీ,

నువ్వు అనుకున్నదే నిజమైంది. పాండీశ్వరి వచ్చి పాదాల మీద వేలుతో నొక్కి చూసింది. గుంట పడింది, చాలాసేపు పూడలేదు. ఏడాదిగా ఆయాసం ఉందట, మీ వదినె నాకు చెప్పలేదు. "చెప్తే నువ్వు ఊరంతా చీటీ రాసి పంచుతావు" అంది. మదురైకి తీసుకెళ్ళాం. గుండెలో కవాటం ఒకటి ముడుచుకుపోయిందట. కోసి మార్చాలట. ఆగస్టు ఎనిమిదో తేదీ, గురువారం.

నేను ఏం చేశానో చూశావా? లేని రోగాన్ని ఉందని దేవుడి ఇంట్లో రాసిచ్చాను, నా ఇంటి నంబరు వేసి మరీ. చీటీ ఏ ఇంటి పేరున ఉందో ఆ ఇంటికే వచ్చింది రోగం. దేవుడితో ఆడుకున్నాను సుగంధీ. పెద్దవాళ్ళు ఇంట్లో అశుభం పలకొద్దంటారు, నేను కాగితం మీదే రాశాను.

నిన్న దురైసామి దగ్గరికి వెళ్ళి నా చీటీ వెనక్కిమ్మన్నాను. "పాత చీటీలు చించేస్తాము అయ్యా" అన్నాడు. "అప్పుడు రాసినదాన్ని ఎట్లా వాపస్ తీసుకొనేది?" అని అడిగాను. అతనికి అర్థం కాక మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. పాస్టరయ్యకు అంతా చెప్పేశాను. సుగంధి నా చెల్లెలని, కోయంబత్తూరులో ఉందని, ఆ లేచినామె నా పెళ్ళామని, ఆమె ఇప్పుడు పడిందని. ఆయన కోప్పడలేదు. ఇద్దరి పేర్లూ చెబుతామన్నాడు.

తరవాత జనమంతా వెళ్ళిపోయాక నేనొక్కణ్ణే కూర్చున్నాను. నీ బదులు వచ్చిన ఏడు ఆదివారాలూ నాకు భయం లేదు. పరాయి పని కదా, దర్జాగా చేశాను. నిన్న నా కోసం నేను కూర్చుంటే భయమేసింది. మాట ఒక్కటి రాలేదు. నీకు ఫిబ్రవరిలో ఎలా ఉండిందో ఇప్పుడు తెలిసింది. ఏమీ తెలియకుండా పెద్ద పెద్ద ఉత్తరాలు రాసి నిన్ను తిట్టాను. క్షమించు.

నలభై ఏళ్ళు ఆమెతో పోట్లాడాను. ఆమె లేకపోతే ఆ ఇంట్లో నేను ఎవరికి జవాబు చెప్పాలి? తళవాయిపురం పిల్ల ఎవరో, ఆమె ముఖం కూడా నాకు తెలియదు. కమలాన్ని ఏడిపించడానికి అన్నానంతే. ఆ సంగతి కమలానికి ఇంకా చెప్పలేదు. చెబితే ఆమెకు ప్రమాదం నిజమేనని ఒప్పుకున్నట్టవుతుంది.

నాకు ఆశ లేదు. నీ దగ్గర ఒక్క మాట ఉంటే పంపు. నీ దగ్గరా లేదని తెలుసు. అయినా ఇంకెవరిని అడగను?

అన్న


కోయంబత్తూరు
3 ఆగస్టు 2024

నా అన్నకు, నీ సుగంధి రాసేది.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి నేను మీ వంటింట్లో ఉంటాను. సోమవారం పొద్దున బస్సెక్కుతున్నాను. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇందులోవి నోటితో చెప్పలేను. నేను కూర వండుతున్నప్పుడు పక్కగదిలో చదువుకో. చదివిన సంగతి నాతో అనకు.

నీ ఉత్తరం రాగానే నిన్ను ఓదారుద్దామని కూర్చుని ఇలా రాశాను: "పిచ్చివాడా, నీ చీటీ వల్ల వదినెకు జబ్బు రాలేదు. ఆ కవాటం ఎన్నాళ్ళుగానో ముడుచుకుంటోంది. నీ తప్పుడు చీటీ వల్ల జరిగింది వేరే. నలుగురు ఆడవాళ్ళు రొట్టె పట్టుకుని మీ వాకిట్లోకి వచ్చారు. దానికి వదినె నిన్ను తిట్టింది. ఆ తిట్లు నువ్వు నాకు రాశావు. మూడు వందల కిలోమీటర్ల అవతల గోడవైపు తిరిగి పడుకున్న నాకు ఆమె ఆయాసం వినిపించింది. నాకు తప్ప ఇంకెవరికీ అది వినిపించేది కాదు, ఆ ఈల తెగిపోవడం విన్నది నేనే కాబట్టి. ఆయనకు ఆలస్యమైపోయింది. వదినెకు కాలేదు. ఇదంతా ఎవరు ఏర్పాటు చేశారనుకున్నావు?"

అక్కడ పెన్ను ఆగిపోయింది. ఆ చివరి వాక్యాన్ని మళ్ళీ చదివాను. నిన్ను ఊరడించడానికి రాసిన మాట అది. కొట్టేద్దామా అనుకున్నాను. కొట్టేయబుద్ధి కాలేదు. ఎందుకంటే రాసేటప్పుడు నేను దాన్ని నమ్మాను అన్నా. నాకు తెలియకుండానే నమ్మేశాను.

తలుపు వేసుకుని మోకరించాను. ఇన్నేళ్ళూ నేను ప్రార్థన చేసింది మీ బావ చర్చిలో నేర్చుకున్న అరవంలో, గంభీరమైన పెద్ద పెద్ద మాటల్లో. ఆ మాటలు ఒక్కటీ రాలేదు. నేను అమ్మతో, నీతో మాట్లాడే మాటలే వచ్చాయి. దేవుడితో మన ఇంటి తెలుగులో మాట్లాడటం నాకదే మొదటిసారి. నేను అన్నది ఇది:

"ఇదో చూడు. ఫిబ్రవరిలో అడిగినాను, నువ్వు ఇయ్యలేదు. ఎందుకు ఇయ్యలేదని నాకు ఇప్పటికీ తెలీదు, నువ్వు చెప్పలేదు. నీమీద నాకు మంట తీరలేదు. ఇప్పుడు మా వదినె కోసం వచ్చినాను. సిగ్గు విడిచి వచ్చినాను. నాకు ఇంకెక్కడ పోవాలనో తెలీదు. మా అన్న నోటికి మాట రాలేదంట. నాకూ రాలేదు. నువ్వే అర్థం చేసుకో. వదినెను మాకు ఇయ్యి."

అంతే. ఆమేన్ చెప్పడం కూడా మరిచిపోయాను.

జవాబేమీ వినిపించలేదు. వెలుగేమీ రాలేదు. మోకాళ్ళు పట్టేశాయి, లేవడానికి జయప్రియను పిలవాల్సి వచ్చింది. ఆమె నన్ను లేపి, నా ముఖం చూసి, ఏమీ అడగకుండా కాఫీ తెచ్చింది. చక్కెర సరిగ్గా ఉంది.

గురువారం ఏమవుతుందో నాకు తెలియదు. తెలుసునని అబద్ధం చెప్పను. మంచే జరుగుతుందని ఎవరైనా ఫోను చేస్తే ఇప్పటికీ పెట్టేస్తాను. ఐసీయూ బయట బెంచీ మీద మళ్ళీ కూర్చోవాలంటే నా ఒళ్ళు చల్లబడుతోంది. కూర్చుంటాను. నీ పక్కనే కూర్చుంటాను. నీకు మాట రాకపోతే నేను చెబుతాను, నాకు రాకపోతే ఇద్దరం ఊరికే కూర్చుందాం. నామం పెట్టుకునే రా. ముఖం మార్చుకుని రావద్దు.

తళవాయిపురం పిల్ల సంగతి వదినెకు ఆపరేషన్‌కు ముందే చెప్పు. ఈసారి వాయిదా వేయకు. నేను పోయిన ఏడాది చెప్పవలసినవి కొన్ని వాయిదా వేశాను.

ఒక్క మాట పంపమన్నావు. నా దగ్గర ఉన్నది ఇంతే. నేను ఇంకా ఏడుస్తూనే ఉన్నాను అన్నా. ఇన్నాళ్ళూ ఎవరూ లేని చోట ఏడ్చాను. ఇప్పుడు దేవుడి ముందు కూర్చుని ఏడుస్తున్నాను.

నీ చెల్లెలు,
సుగంధి